దాపరికం బరువు మోసేది ఎవరు?
మహేశ్ దత్తాని నాటకాల గురించి

(నాగర్‌కర్నూల్‌లో మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి భూమి పట్టాల గురించి, ఉపాధి కూలీ గురించి, ఊరి పెద్దల పంచాయితీల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను నాటకాల గురించి మాట్లాడబోతున్నాను. అవి కూడా ఇంగ్లీషు నాటకాలు. వాటిలో చాలా భాగం మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళ గురించి. ఇందాక టీ తాగేటప్పుడు కొల్లాపూర్ అక్క ఒకామె నన్ను మొహమాటం లేకుండా అడిగేసింది: "వాళ్ళ బాధలేవో వాళ్ళు పడతారు, మన సంఘానికెందుకమ్మా ఇది?" అని. అడగవలసిన ప్రశ్నే. మన సంఘాలకు వచ్చే ఆడవాళ్ళ కష్టాల్లో ఒక రకం కష్టానికి ఇంతవరకూ మనకు పేరు లేదు. పెళ్ళయి ఎనిమిదేళ్ళు, పదేళ్ళు అయి ఉంటుంది. మొగుడు కొట్టడు, తాగడు. కానీ పక్కన పడుకోడు. అత్త "గొడ్రాలు" అంటుంది. తల్లి మొక్కులు మొక్కమంటుంది. ఆమెకు మాత్రం తనలోనే ఏదో లోపముందని అనిపిస్తూ ఉంటుంది. ఆ కష్టం ఎక్కడ పుడుతుందో దత్తాని నాటకాలు చదివితే తెలుస్తుంది. అందుకే ఆయన్ని ఎంచుకున్నాను.

మహేశ్ దత్తాని 1958లో బెంగుళూరులో ఒక గుజరాతీ కుటుంబంలో పుట్టారు. కొన్నాళ్ళు వ్యాపార ప్రకటనలకు మాటలు రాసే ఉద్యోగం చేశారు. 1984లో 'ప్లేపెన్' అనే నాటక బృందం పెట్టారు. ఆడడానికి మన జీవితాల గురించిన ఇంగ్లీషు నాటకాలు దొరక్క తానే రాయడం మొదలుపెట్టారు. 1988లో మొదటి నాటకం, 'వేర్ దేర్ ఈజ్ ఎ విల్'. పదేళ్ళు తిరిగేసరికి, 1998లో, 'ఫైనల్ సొల్యూషన్స్' సంపుటికి సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఇంగ్లీషులో రాసే నాటక రచయితకు అది రావడం అదే మొదలు. తర్వాత సినిమాలకు రాశారు, దర్శకత్వం వహించారు. 2004లో వచ్చిన 'మార్నింగ్ రాగా' ఆయనదే. కె. రాఘవేంద్రరావు గారు నిర్మించిన ఆ సినిమా కథ మన ఆంధ్ర పల్లెలో జరుగుతుంది. పాట పాడాలన్న కోరికతో స్నేహితురాలిని వెంటబెట్టుకుని పట్నానికి బయల్దేరిన ఒక గృహిణి కథ అది. దారిలో ప్రమాదం జరిగి స్నేహితురాలూ తన బిడ్డా పోతే, ఆ తప్పంతా తన పాటదే అనుకుని ఇరవై ఏళ్ళు గొంతు మూసుకుంటుంది. ఆ పాత్ర షబానా అజ్మీ వేశారు. మన విషయం అది కాదు గానీ, ఆడదాని కోరికకు ఈ సమాజం ఎంత వెల కడుతుందో ఆయనకు తెలుసని చెప్పడానికి ప్రస్తావించాను.

బెంగుళూరు మనకు దూరపు ఊరేమీ కాదు. పాలమూరు వలస కూలీలు చెమటోడ్చి లేపిన మేడలు అక్కడ ఎన్ని ఉన్నాయో మీకే బాగా తెలుసు. ఆ మేడల్లో కాపురాలుండేవాళ్ళ గురించే దత్తాని రాశారు.

'డాన్స్ లైక్ ఎ మాన్' అని 1989 నాటి నాటకం ఒకటుంది. జయరాజ్ అనే అబ్బాయికి భరతనాట్యం ప్రాణం. తండ్రి స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్నవాడు, సంస్కర్త. సంస్కరణలన్నీ ఊరికేగాని కొడుక్కి కాదు. మగపిల్లవాడు జుట్టు పెంచుకుని గజ్జె కట్టడం ఆయనకు తలవంపులు. కొడుకు మాట వినకపోయేసరికి కోడలితో బేరం పెడతాడు. ఆమె కూడా నర్తకే. "నీ నాట్యానికి నేను అడ్డు రాను, వాణ్ణి మాత్రం నాట్యం మాన్పించి మగవాణ్ణి చెయ్యి" అన్నది ఆ బేరం సారం. ఆమె ఒప్పుకుంటుంది. ఆ ఒప్పందం భార్యాభర్తలిద్దరినీ బతుకంతా తినేస్తుంది. ఇందులో స్వలింగ ప్రేమ లేదు. అయినా మొదట ఈ కథే ఎందుకు చెబుతున్నానంటే, మగవాడు ఇలాగే ఉండాలన్న నియమాన్ని ఇంట్లో అమలు చేసే పని చివరికి ఆడదాని నెత్తిన ఎలా పడుతుందో ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

మగవాడు ఆడవేషం కడితే చప్పట్లు కొట్టిన జాతి మనది. స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చిత్రాంగిగా రంగం మీదికి వస్తే జనం విరగబడి చూశారు, 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామాకలాపం చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మన పల్లెల భాగోతాల్లోనూ ఆడవేషం మగవాళ్ళే కట్టేవాళ్ళు. ఆ కళాకారుల సొంత జీవితాలకు ఏదో అంటగట్టడం నా ఉద్దేశం కాదు. రంగు పూసుకున్నంతసేపే మన మెచ్చుకోలు అని చెబుతున్నాను. రంగు కడిగేశాక నడకలో కొంచెం ఒయ్యారం మిగిలితే చాలు, "తేడా" అంటాం. మన సినిమాల పుణ్యమా అని ఒక హాస్యనటుడి ఇంటిపేరే ఊళ్ళల్లో తిట్టయి కూర్చుంది.

ఇక 1991 నాటి నాటకం, 'బ్రేవ్‌లీ ఫాట్ ది క్వీన్'. నా మట్టుకు దత్తాని రాసిన వాటన్నిటిలో మన సంఘాలకు ఎక్కువగా అక్కరకొచ్చేది ఇదే. డాలీ, అల్కా అక్కచెల్లెళ్ళు. ఒకే ఇంట అన్నదమ్ములను చేసుకుని తోడికోడళ్ళయ్యారు. మొగుళ్ళది అడ్వర్టయిజింగ్ కంపెనీ. ఆడవాళ్ళ లోదుస్తుల అమ్మకానికి ప్రకటనలు తయారుచేస్తుంటారు. ఇంట్లో ఆడవాళ్ళేం కోరుకుంటారో మాత్రం వాళ్ళకు అక్కర్లేదు. మంచం పట్టిన అత్తగారు పైగది నుంచి గంట మోగించి ఇల్లంతా శాసిస్తుంటుంది. డాలీ కడుపుతో ఉండగా, తల్లి ఎగదోస్తే మొగుడు కొట్టాడు. బిడ్డ వైకల్యంతో పుట్టింది. ఆ బిడ్డ గొప్ప నాట్యకత్తె అని డాలీ అందరికీ అబద్ధం చెప్పుకుంటూ బతుకుతుంది. ఇవన్నీ మనకు తెలిసిన హింసలే.

అల్కా సంగతి వేరు. ఆమె మొగుడు నితిన్ చెయ్యెత్తేవాడు కాదు. ఆమె తాగుతుంది. ఇల్లంతా ఆమెదే తప్పంటుంది. ఎందుకు తాగుతుందని ఎవరూ అడగరు. అక్కచెల్లెళ్ళకు ప్రఫుల్ అని ఒక అన్న ఉన్నాడు. అల్కా చదువుకునే రోజుల్లో ఎవరో కుర్రవాడి బండి మీద ఇంటికొచ్చిందని, పొయ్యి ముందు తల వంచి జుట్టు కాల్చినవాడు. అప్పుడు ఆ పక్కనే నిలబడి చూస్తున్నవాడు ప్రఫుల్ స్నేహితుడు నితిన్. నాటకం చివర, అల్కా మత్తులో పడి ఉన్నప్పుడు, నితిన్ నోటితోనే అసలు సంగతి బయటపడుతుంది. ప్రఫుల్, నితిన్ ప్రేమికులు. తమ బంధం చాటున పెట్టుకోవడానికి ప్రఫుల్ సొంత చెల్లెల్నే ఇచ్చి నితిన్‌కు పెళ్ళి చేశాడు.

ఆడపిల్ల కోరికకు శిక్షగా జుట్టు కాల్చిన చెయ్యే, తన కోరికను కాపాడుకోవడానికి ఆమెను తెరగా కట్టింది. నితిన్‌ను దత్తాని రాక్షసుడిగా రాయలేదు. అతనూ నలిగినవాడే. మగవాడు మగవాడితో కాపురం చెయ్యగలిగిన సమాజమైతే అతనికి అల్కా అవసరం లేకపోయేది. కానీ ఇద్దరి నలుగుబాటూ ఒకటి కాదు. నితిన్‌కు తనకేం జరుగుతోందో తెలుసు. చీకటి పడ్డాక తోటలో ఉన్న చిన్నింటికి వెళ్ళే దారి ఉంది. అల్కాకు ఏం జరుగుతోందో కూడా తెలియదు. దాపరికం ఒకరిది, దాని బరువు ఇంకొకరిది.

ఆ చిన్నింట్లో నితిన్ కోసం కాచుకుని ఉండేది ఒక ఆటో డ్రైవరు. అతనికి నాటకంలో మాట లేదు, పేరు లేదు. నల్లటి బలమైన చేతులు మాత్రమే ఉన్నాయి. దత్తాని మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. ఆయన డ్రాయింగ్ రూములో ఎంత లోతుకు దిగుతారో, ఆ గది గుమ్మం దాటితే అంత తొందరగా ఆగిపోతారు. ఆ ఆటో డ్రైవరు ఏ ఊరివాడు, ఏ కులంవాడు, అతనికీ ఊళ్ళో ఒక పెళ్ళాం ఉందా, ఆమె ఎలా బతుకుతోంది? ఈ ప్రశ్నలు వెయ్యవలసింది మనమే. వలస వెళ్ళిన మగవాళ్ళ ఊళ్ళలో పనిచేస్తున్నవాళ్ళం గనక.

నాటకం పేరు ఝాన్సీరాణి మీద సుభద్రా కుమారీ చౌహాన్ రాసిన హిందీ కవిత నుంచి వచ్చింది. హిందీలో రాణి మగవాడిలా పోరాడిందని ఉంటుంది. ఇంగ్లీషులో అది ధైర్యంగా పోరాడిందని మారింది. ధైర్యమంటే మగతనమేనా అన్న చర్చ నాటకంలోని ఆడవాళ్ళ మధ్యే నడుస్తుంది.

1998లో లిలిట్ దూబే దర్శకత్వంలో ముంబాయిలో ఆడిన 'ఆన్ ఎ మగ్గీ నైట్ ఇన్ ముంబాయి'లో మళ్ళీ ఇదే ముడి, ఈసారి బాహాటంగా. కమలేశ్ తన పాత ప్రేమికుణ్ణి మరిచిపోలేక కుమిలిపోతుంటాడు. విడాకులు తీసుకున్న చెల్లెలు కిరణ్ మళ్ళీ పెళ్ళికి సిద్ధమవుతోంది. పెళ్ళికొడుకు ఎవరో కాదు, ఆ పాత ప్రేమికుడే. మామూలు మగవాడిలా బతకాలని నిశ్చయించుకుని వచ్చాడు. ఇక్కడ మోసం అన్నది కాదు, పెళ్ళికొడుకుది. కానీ అన్నకు తెలుసు. చెప్పడానికి నోరు రాదు. పెళ్ళిచేసుకుని తెర మీద ఆదర్శ భర్తగా వెలిగే టీవీ నటుడు ఒకడు కూడా ఆ గదిలో ఉంటాడు. అతని భార్య రంగం మీదికే రాదు. ఈ నాటకాన్నే 2002లో 'మ్యాంగో సూఫ్లే' పేరుతో దత్తాని సినిమా తీశారు. సినిమాలో వాన, ఉక్కపోత పోయి పచ్చటి తోట వచ్చింది. నాటకంలో కిటికీ కింద పెళ్ళి బాజాలు మోగుతుంటే లోపల ఈ గొడవంతా జరుగుతుంది. ఆ బిగి సినిమాకు రాలేదని నా అభిప్రాయం.

బి.బి.సి. రేడియోకు 1997లో రాసిన 'డూ ది నీడ్‌ఫుల్'లో మరో దారి చూపించారు. పెళ్ళి చూపుల్లో కలిసిన ఇద్దరిలో అబ్బాయి మనసు మగవాళ్ళ మీద, అమ్మాయి ప్రేమించింది ఒక ముస్లిం యువకుణ్ణి. ఇద్దరూ ఒకరి సంగతి ఒకరు తెలుసుకుని, పెద్దల కళ్ళు కప్పడానికి పెళ్ళి చేసుకుంటారు. నవ్వు తెప్పించే నాటకమే. ఇక్కడ అమ్మాయికి ముందే తెలుసు, ఆమె కూడా ఒప్పందంలో భాగస్వామి. అల్కాకూ ఈమెకూ ఉన్న తేడా అంతా ఆ తెలియడంలోనే ఉంది.

మన సంస్థలకు దగ్గరగా వచ్చి ఆయన చేసిన పని కూడా ఉంది. కుటుంబంలోనే లైంగిక హింసకు గురైన స్త్రీల కోసం పనిచేసే ఢిల్లీ సంస్థ 'రాహి' అడిగితే 2001లో 'థర్టీ డేస్ ఇన్ సెప్టెంబర్' రాశారు. మేనమామ చేతిలో చిన్నప్పుడు నలిగిన కూతురు, అంతా తెలిసీ పూజగదిలో మౌనంగా కూర్చున్న తల్లి. తల్లి మౌనం వెనక ఆమె సొంత బాల్యం ఉందని చివర్న తెలుస్తుంది. బాధితుల అనుభవాలు విని రాసిన నాటకం గనక ఎక్కడా అతి లేదు.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌కు నేరుగా సంబంధించిన సంగతికి వస్తాను. 1999లో బి.బి.సి. రేడియోలో వచ్చిన 'సెవెన్ స్టెప్స్ అరౌండ్ ది ఫైర్'లో కమల అనే హిజ్రాను తగలబెట్టి చంపుతారు. నేరం అనార్కలి అనే ఇంకో హిజ్రా మీద మోపి మగవాళ్ళ జైల్లో పడేస్తారు. ఆరా తీసేది ఉమ, పోలీసు సూపరింటెండెంటు భార్య, హిజ్రాల మీద పరిశోధన చేస్తున్న మనిషి. కానిస్టేబులు అనార్కలిని ఆమె అనడు, అతను అనడు, "అది" అంటాడు. ఉమకు పిల్లల్లేరు. డాక్టరు దగ్గరకు ఆమెనే తిప్పుతారు గాని మొగుడు పరీక్షకు రాడు. హిజ్రాను అక్కా అని పిలవగలిగింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. మంత్రి కొడుకు కమలను రహస్యంగా పెళ్ళి చేసుకోవడమే హత్యకు కారణమని తేలుతుంది. ఆ కొడుక్కి మర్యాదైన పెళ్ళి చెయ్యబోతే పందిట్లోనే కాల్చుకుని చస్తాడు. పీటల మీద కూర్చోబెట్టిన ఆ పెళ్ళికూతురి సంగతి నాటకం ముగిశాక కూడా నన్ను వదల్లేదు.

ఆ నాటకం రేడియోలో వచ్చేనాటికి ఈ గడ్డ మీద ఒక చట్టం అమల్లో ఉంది. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో చేసిన చట్టం. హిజ్రాల పేర్లతో పోలీసులు రిజిస్టరు పెట్టాలి. ఆ రిజిస్టరుకెక్కిన మనిషి చీర కట్టుకుని, నగ పెట్టుకుని వీధిలో కనబడినా, ఆడినా పాడినా, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళదాకా జైలు. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఆ చట్టం మాత్రం చెక్కు చెదరలేదు. వైజయంతి వసంత మొగిలి, మరికొందరు 2018లో హైకోర్టుకెక్కితే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను వర్తింపజెయ్యమని కూడా ఆదేశించింది. వందేళ్ళు దాటిన చట్టం. పింఛనుకు దరఖాస్తులు రాసిపెట్టేది మీరే గనక ఈ తీర్పు గుర్తుంచుకోండి. వాళ్ళ జీవితం వాళ్ళ మాటల్లోనే చదవాలనుకుంటే ఎ. రేవతి ఆత్మకథ ఉంది. పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు, ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది.

ఇంతసేపూ మగవాళ్ళ గురించే చెప్పాను. స్త్రీని ప్రేమించే స్త్రీ సంగతేమిటి? దత్తాని దగ్గర ఇది బాగా తక్కువ. ముంబాయి నాటకంలో దీపాలి అనే అమ్మాయి ఉంది. అందరికంటే స్థిమితంగా మాట్లాడేది ఆమే. కానీ ఆమెకంటూ కథ లేదు, మిగతావాళ్ళ కన్నీళ్ళు తుడవడమే పని. ఈ లోటు తీర్చింది కెనడాలో స్థిరపడిన దీపా మెహతా. ఆమె రాసి తీసిన 'ఫైర్' 1996 నాటిది, మన దేశంలో 1998 చివర విడుదలైంది. అందులోనూ ఇద్దరు తోడికోడళ్ళే. మొగుళ్ళకు అక్కర్లేని ఇద్దరు ఒకరినొకరు చేరదీసుకుంటారు. డాలీ, అల్కాలకు రాని తెగువ వాళ్ళకొచ్చింది. డిసెంబరులో ముంబాయిలో, ఢిల్లీలో సినిమాహాళ్ళ మీద దాడులు జరిగాయి. అదే ఏడు దత్తాని నాటకం ముంబాయిలోనే ఆడింది, దాని మీద ఎవరూ రాళ్ళు వెయ్యలేదు. ఇంగ్లీషు నాటకం ఎంతమంది చూస్తారు అన్నది ఒక కారణం. మగవాడి రహస్యం కంటే, మొగుడితో పనిలేదన్న ఆడదాని మాటే ఎక్కువ భయపెడుతుందన్నది రెండో కారణమని నేననుకుంటాను. ఆ దాడుల తర్వాత ఢిల్లీ రీగల్ సినిమా ముందు కొవ్వొత్తులతో నిలబడ్డవాళ్ళలో మహిళా సంఘాలవాళ్ళు ఉన్నారు.

ఆనాడు ఇదంతా 377 సెక్షను నీడలో జరిగింది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఆ నీడ తీసింది, 2013లో సుప్రీంకోర్టు మళ్ళీ కప్పింది, 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు తొలగించింది. ఇష్టపూర్వకంగా కలిసిన పెద్దవాళ్ళు ఇప్పుడు నేరస్థులు కారు. కానీ పెళ్ళి హక్కు 2023 అక్టోబరు తీర్పులో రాలేదు. నేరం పోయింది గాని, మగవాడైతే పెళ్ళి చేసుకుని తీరాలన్న ఒత్తిడి పోలేదు. అల్కాలు ఇంకా తయారవుతూనే ఉన్నారు.

అందుకని పని గురించి కొన్ని మాటలు. భార్య వచ్చి, మొగుడు ముట్టుకోడని చెప్పినప్పుడు, ముందు ఆమెను డాక్టరు దగ్గరకు పంపకండి. ఆమెలో లోపం లేదని ఆమెకు నమ్మకం కలగాలి. నిజం తెలిసి విడిపోవాలనుకుంటే హిందూ వివాహ చట్టంలో దారులున్నాయి. ముఖ్యమైన విషయం దాచి మోసంతో చేసిన పెళ్ళిని రద్దు చెయ్యమని 12వ సెక్షను కింద అడగొచ్చు. కానీ మోసం తెలిసిన ఏడాది లోపలే కోర్టుకు వెళ్ళాలి, తెలిశాక కాపురం కొనసాగించి ఉండకూడదు. మన పంచాయితీల్లో "కొన్నాళ్ళు చూడమ్మా" అంటూ గడిపే ఆ కొన్నాళ్ళకే ఈ గడువు అయిపోతుంది. పెళ్ళయ్యాక మొగుడు మగవాడితో సంబంధం పెట్టుకుంటే విడాకులు కోరే హక్కు 13వ సెక్షనులో భార్యకు ఉంది. మనోవర్తి ఎలాగూ ఉంది. ఈ వాదనలు చేసేటప్పుడు ఆ మనిషిని ఊరి నడిమధ్య నిలబెట్టి నవ్వులపాలు చెయ్యవలసిన పనిలేదు. ఆమె హక్కు మోసపోకుండా ఉండే హక్కు. అతను ఎవరిని ప్రేమిస్తాడన్నది నేరం కాదు. ఈ రెంటినీ కలిపేస్తే మనం కూడా ప్రఫుల్ పొయ్యి ముందు నిలబడ్డట్టే.

ఇద్దరమ్మాయిలు ఇల్లు వదిలి వచ్చినప్పుడు ఇంకో రకం తొందర మొదలవుతుంది. తల్లిదండ్రులు తప్పిపోయిందని ఫిర్యాదు ఇస్తారు, పోలీసులు పట్టుకొచ్చి అప్పజెబుతారు. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లను ఆమె ఇష్టం లేకుండా అప్పజెప్పే అధికారం ఎవరికీ లేదు. ఇటువంటి కేసుల్లో కోర్టులు ఆ అమ్మాయి మాట విడిగా, ఇంటివాళ్ళు లేకుండా వినాలనీ, కౌన్సిలింగ్ పేరుతో ఆమె మనసు మార్చే పని పెట్టుకోకూడదనీ 2024 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు సారాంశం తెలుగులో రాసి తెచ్చాను, ఒక్కొక్క మండలానికి ఒక కాపీ తీసుకెళ్ళండి. అచ్చంపేట, కల్వకుర్తి వాళ్ళవి బల్ల మీద వేరే పెట్టాను. గద్వాల, వనపర్తి నుంచి వచ్చినవాళ్ళు ఇంకో రెండు ఎక్కువ తీసుకోండి, ఆలంపూర్ వాళ్ళు రాలేకపోయారు గనక.

రాత్రి భోజనాలయ్యాక తోడికోడళ్ళ నాటకం కథను మన మాటల్లో చెప్పుకుంటూ ఒకసారి ఆడి చూద్దామనుకుంటున్నాం. అత్తగారి గంట ఎవరు మోగిస్తారో, అల్కా ఎవరో మీలో మీరు మాట్లాడుకుని ఉండండి. నితిన్‌గా నిలబడడానికి కూడా ఒకరు కావాలి.